బస్తా మీద మంగవ్వ

“లెవ్వు మంగా. ఆఖరి బస్తా అది.”

“లెవ్వ.”

“చిన్నయ్య ముప్కాల్ దాకా పోవాలె. ఎండ ముదురుతుంది.”

“ముదరనీ. నన్ను గూడ బస్తాతోటి ఎత్తి ట్రాలీల ఎయ్యమను.”

మంగవ్వ కదల్లేదు. కొంగు బిగించి, రెండు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి, విత్తన పసుపు బస్తా మీద కూర్చుంది. పదకొండు బస్తాలు అప్పటికే ట్రాలీలో ఉన్నాయి. పన్నెండోది ఆమె కింద ఉంది.

కాశీరాం అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. పొట్ట మీద ఆపరేషన్ గాటు మానీ మానని స్థితిలో ఉంది. ఇరవై రెండు రోజులైంది. గట్టిగా అరిస్తే కుట్లు లాగుతాయని చెయ్యి పొట్టకు అదుముకుని అరుస్తున్నాడు.

“ఏందయ్యా చిన్నా, నువ్వన్న జెప్పు మీ వదినెకు.”

కాశీరాం తమ్ముడు చిన్నయ్య ట్రాక్టర్ పక్కన నిలబడి తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. “నేనేం జెప్తనే అన్నా? నువ్వు రమ్మంటె వచ్చిన, ఎక్కియ్యమంటె ఎక్కిచ్చిన. ఇగ వదినెను ఎక్కిచ్చుడు నాతోని గాదు.”

తలుపు చాటున నీళ్ళ చెంబుతో నిలబడ్డ కోడలు యమునకు మరోరోజైతే నవ్వు వచ్చేది. ఈ రోజు ఆమె కళ్ళు కొట్టం మూల మీదే ఉన్నాయి.

అక్కడ విత్తన కుప్ప ఉండేది. తవ్వకాలయ్యాక మంచి దుంపలు ఏరి, నీడన కుప్ప పోసి, పసుపాకు కప్పి, పైన మట్టీ పేడా కలిపి అలికింది అత్త మంగవ్వే. మొదటి వాన పడి, పొలం దున్ని, విత్తనం పెట్టే రోజు దాకా ఆ అలుకు పగలకూడదు. ఆ ఇంట్లో ఎన్నడూ పగల్లేదు. ఈ పొద్దున్నే మామ లేచి, ఎవరికీ చెప్పకుండా, చేతికర్రతో పొడిచి దాన్ని పగలగొట్టాడు.

“పసుపంటె తొమ్మిది నెల్ల పంట,” అన్నాడు కాశీరాం. గొంతు తగ్గింది. “పెట్టేది నేనైతె తవ్వేది ఎవలు? నాకు తొమ్మిది నెల్లు ఏడున్నయ్? మా నాయిన నాటి నుంచి వస్తున్న విత్తనం. నాతోటి ఖరాబు గావద్దు. తమ్మి పెట్టుకుంటె బతుకుతది.”

“విత్తనం బతుకుతది. మరి నేను?” అంది మంగవ్వ.

ట్రాలీ మీద వాలిన కాకి ఒకటి బస్తా తాడును ముక్కుతో లాగి ఎగిరిపోయింది.

అంతా తన నోటివల్లే అయిందని యమునకు తెలుసు.

శనివారం నాడు భర్త గంగాప్రసాద్ నిజామాబాద్ దవాఖానకు పోయి, కోసి తీసిన పేగు ముక్క తాలూకు పెద్ద రిపోర్టు తెచ్చాడు. డాక్టరమ్మ సోమవారం కూర్చుంటుందనీ, అప్పుడు పేషెంటును వెంటబెట్టుకు రమ్మనీ చెప్పి పంపారు. సోమవారం దాకా ఆగే ఓపిక ఇంట్లో ఎవరికీ లేకపోయింది. ఏర్గట్ల బడిలో పదో తరగతి పాసయిన యమునే ఆ ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగేది.

“ఏమున్నదమ్మా?” అని మామ అడిగాడు.

ఆమె వేలు పెట్టి వెతికింది. ఒక చోట లావు అక్షరాల్లో ‘టీ త్రీ’ అని ఉంది. “మూడు అని ఉన్నది మామా,” అంది.

అప్పుడే మజ్జిగ అడగడానికి వచ్చిన పక్కింటి రత్నవ్వ గుమ్మంలోనే ఆగిపోయింది. “మూడా? మా అన్నకు గూడ మూడో స్టేజే అన్నరమ్మా. ఏడాది తిరగలే,” అంది. గిన్నె అక్కడే పెట్టి కళ్ళొత్తుకుంది.

ఆ తరువాత ఇల్లు ఇల్లులా లేదు.

ఎవరికీ తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ‘టీ త్రీ’ కింద మరో గీత ఉంది. అందులో ‘సున్నా బై పద్నాలుగు’ అని రాసి ఉంది. బళ్ళో పరీక్ష పేపరు మీద అలా రాసి ఇస్తే అర్థం ఏమిటో యమునకు తెలుసు. పద్నాలుగింటికి ఒక్కటి కూడా రాలేదు. మూడు అన్న మాటకే మామ మొహం బూడిదైపోతే, ఈ సున్నా సంగతి ఎలా చెప్తుంది? ఆమె కాగితం మడిచి కవర్లో పెట్టేసింది. రెండు రోజుల నుంచి ఆ సున్నాను ఒక్కతే మోస్తోంది.

గంగాప్రసాద్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు. పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము నడుపుతాడు. ఎంత రుద్ది కడిగినా అతని గోళ్ళ సందుల్లో పసుపు పోదు.

“బాపూ, తొమ్మిదైతుంది. దవాఖానకు నడువు.”

“నేను రాను రా.”

“డాక్టరమ్మ రమ్మన్నది గదనే?”

“వచ్చి ఏం జెయ్యాలె? మూడంటె మూడే. మార్కెట్ యార్డుల మూడో రకమని పక్కకు పడేసిన కుప్పను ఇంకోపారి చూస్తె మొదటి రకమైతదా?”

“నువ్వు పసుపు కాదు గదా బాపూ!”

“నీకేం తెలుసు రా? ఏడాది సంది నెత్తురు పడుతుంటె, పసుపు ఉడకబెట్టే పొయ్యి కాడ కూసున్న వేడి అనుకున్న. ఆ నాటుమందుల దేవిదాస్ మొలలని పొడి ఇస్తె మింగిన. నా పెయ్యిల ఏమున్నదో నాకే తెల్వలే. ఇంక ఆమె ఏం జెప్తది?”

యమున చెంబు కింద పెట్టింది. పెళ్ళయిన నాలుగేళ్ళలో మామకు ఎదురుగా నిలబడి ఆమె అన్న మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. గడప దాటి వచ్చింది.

“మామా, చదివింది నేను. నేను డాక్టర్‌నా?”

కాశీరాం తలెత్తాడు.

“పదో తరగతి దాన్ని. తప్పు చదివితె? నా మాట మీద కుప్ప పగలగొట్టినవ్. ఆమె మాట గూడ ఒక్కసారి విను. జర నా కోసం.”

మంగవ్వ కోడలి వైపు అలాగే చూసింది. ఆ పిల్ల గొంతు ఇంత పెద్దదని ఆమెకు ఇప్పటిదాకా తెలియదు.

కాశీరాం చాలాసేపు తన చేతికర్ర కొసను చూసుకున్నాడు. దాని చివర ఇంకా అలుకు మట్టి అంటుకుని ఉంది.

“సరే. వస్త. గని ఒక మాట. ఆమె గూడ మూడనే అంటె, నేనొచ్చినంక ట్రాలీ పోవాలె. ఎవలు నోరు తెరవొద్దు. మంగా, ఒప్పుకున్నట్టేనా?”

“ఒప్పుకున్న,” అంది మంగవ్వ. “గని నువ్వొచ్చేదాక నేను గీ బస్తా దిగ.”

“వదినే, ఎండల కూసుంటవా?” అన్నాడు చిన్నయ్య.

“నువ్వు గూడ ఏడికి పోకు. ట్రాక్టర్ కదిలిందో, నీ సంగతి జెప్త.”

*

అంకాపూర్ దాటేదాకా బస్సులో ముగ్గురూ మాట్లాడుకోలేదు. దాటాక కాశీరాం కిటికీలోంచి ఎవరిదో దున్నిన చెలక చూసి, “మంచిగ దున్నిండు,” అన్నాడు. అంతే.

డాక్టర్ స్నేహలత గది బయట బెంచీలన్నీ నిండి ఉన్నాయి. పేరు పిలిచేసరికి పదకొండున్నర దాటింది. ఆమె రిపోర్టు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పి, స్కానింగ్ కాగితం పక్కన పెట్టుకుని మళ్ళీ చూసింది. యమున ఆమె మొహం వైపు కాక వేలి వైపు చూస్తోంది. ఆ వేలు సున్నా దగ్గర ఆగింది. యమున కళ్ళు మూసుకుంది.

“కాశీరాం గారూ, తిండి తినబుద్ధి అవుతుందా?”

“తింటె ఎంత, తినకుంటె ఎంతమ్మా. మూడో స్టేజి గదా.”

డాక్టరమ్మ తల ఎత్తింది. “మూడని ఎవరు చెప్పారు?”

యమున కళ్ళు తెరిచింది. “నేనే మేడం. అందుల టీ త్రీ అని...”

“అదా!” డాక్టరమ్మ ఒక చీటీ తీసి, గోడలాగా పక్కపక్కన గీతలు గీసింది. “ఇది పేగు గోడ అనుకోండి. పొరలు పొరలుగా ఉంటుంది. గడ్డ లోపలి నుంచి మొదలై ఎంత లోతుకు దిగిందో చెప్పేది ఈ టీ. మీకు కండపొర దాటి బయటి కొవ్వు దాకా దిగింది. ఆ లోతుకు మూడు అని రాస్తారు. అది లోతు మాత్రమే. స్టేజి కాదు.”

“మరి స్టేజి?” అన్నాడు గంగాప్రసాద్.

“స్టేజికి ఇంకో రెండు చూడాలి. పక్కన ఉండే గ్రంథులకు పాకిందా? కాలేయం, ఊపిరితిత్తుల వంటి దూరపు చోట్లకు పోయిందా? స్కానింగ్‌లో దూరం పోయినట్టు ఏమీ లేదు. ఇక గ్రంథులు. పేగుతో పాటు పద్నాలుగు తీశాం. ఒక్కొక్కటీ కోసి మైక్రోస్కోపు కింద చూశారు. ఎన్నింటిలో కాన్సర్ దొరికిందో ఇక్కడ రాశారు.” కాగితాన్ని యమున వైపు తిప్పింది. “చదవమ్మా.”

“సున్నా బై పద్నాలుగు.” ఆమె మాట ఆమెకే వినపడలేదు.

“అంటే?”

“ఒక్క దాంట్ల గూడ... లేదా మేడం?”

“ఒక్క దాంట్లో కూడా లేదు.”

కాశీరాం కుర్చీలో ముందుకు జరిగాడు. యార్డులో తన కుప్ప ముందు నలభై ఏళ్ళు నిలబడ్డ మనిషి. ఖరీదుదారు వచ్చి అక్కడొక కొమ్ము, ఇక్కడొక కొమ్ము తీసి పుటుక్కున విరిచి లోపలి రంగు చూస్తుంటే, ప్రతి విరుపుకూ ఊపిరి బిగబట్టిన మనిషి.

“అంటె డాక్టరమ్మా, పద్నాలుగు కొమ్ములు ఇరిసి చూస్తె ఒక్కదాంట్ల గూడ పుచ్చు లేదన్నట్టా?”

డాక్టరమ్మ నవ్వింది. “నేను ఇంత బాగా ఎవరికీ చెప్పలేదు. అదే. అన్నీ కలిపితే మీది రెండో స్టేజి.”

“పద్నాలుగు ఇరిసినరు,” అన్నాడు కాశీరాం మళ్ళీ, కొడుకు వైపు తిరిగి. “మన యార్డుల నాలుగు ఇరిసి ధర కడ్తరు రా.”

గంగాప్రసాద్ పసుపు గోళ్ళ చేతులతో మొహం కప్పుకున్నాడు.

“ఇక ఖాయంగ బతుకుతనా అమ్మా?” అని సూటిగా అడిగాడు కాశీరాం.

ఆమె కూడా సూటిగానే చెప్పింది. “ఖాయం అని ఎవరికీ చెప్పలేం. మీలాంటి స్థితిలో ఆపరేషన్ అయిన వంద మందిని ఐదేళ్ళ తరువాత చూస్తే, అటూ ఇటూగా ఎనభై మంది బతికి ఉంటున్నారు. గ్రంథులకు పాకితే ఆ లెక్క తగ్గుతుంది. దూరం పోతే చాలా తగ్గుతుంది. మీ జబ్బు ముందే దొరికింది.”

“ఐదేండ్లేనా?” కాశీరాం మొహం మళ్ళీ వాడింది.

“కాదు కాదు. ఐదేళ్ళు బతుకుతారని కాదు. ఈ జబ్బు తిరిగి వస్తే ఎక్కువమందికి ఆ లోపలే వస్తుంది. అందుకే అక్కడిదాకా కాపలా కాసి లెక్క చూస్తాం. ఆ తరువాత మీరు మాకు కనపడాల్సిన పని తగ్గిపోతుంది.”

“ఐదు పంటలు కాపలా,” అన్నాడు కాశీరాం మెల్లగా. “ఆ తర్వాత పంటలు నాయి.”

“మీవే.”

ఇప్పటికి కీమో మందు ఎక్కించే అవసరం కనపడటం లేదని చెప్పింది. మూడు నెలలకొకసారి తప్పక రావాలంది. ఏడాదికి పేగులోకి గొట్టం వేసి కెమెరాతో చూసే పరీక్ష చేస్తామంది. వాళ్ళు లేవబోతుంటే, “ఆగండి. తోబుట్టువులు ఎంతమంది?” అని అడిగింది.

“ఒక్క తమ్ముడు. యాభై రెండుంటయ్.”

“అతన్ని కూడా ఒకసారి తీసుకురండి. కెమెరా పరీక్ష చేద్దాం. మీ అబ్బాయికి నలభై వచ్చాక చేయిద్దాం. ఇంట్లో ఒకరికి వస్తే మిగతావాళ్ళకు వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ.”

“వాడా?” కాశీరాం నవ్వేశాడు. “వాడు బండ లెక్క ఉంటడమ్మా.”

*

బయట కుళాయి దగ్గర గంగాప్రసాద్ మొహం కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, మూడోసారి కడుక్కున్నాడు.

“ఏం రా, నీళ్ళన్ని అయిపోతయ్,” అన్నాడు తండ్రి. “నడువు, చాయ్ తాగుదం. ఎన్ని దినాలాయె చాయ్ తాగక.”

బస్సులో ఈసారి కాశీరాం నోరు ఆగలేదు. వెనక సీటు ముసలాయనకు పద్నాలుగు కొమ్ముల సంగతి చెప్పాడు. కండక్టర్‌కు చెప్పాడు. కండక్టర్ అర్థం కాకపోయినా, “మంచిగైంది తాతా,” అన్నాడు.

యమున ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చుంది. చెప్పకపోయినా జరిగిపోతుంది. ఎవరూ అడగరు. కానీ చెప్పకుండా ఉంటే ఆ సున్నా దిగేలా లేదు.

“మామా.”

“ఏందమ్మా?”

“ఆ సున్నా నేను శనివారమే చూసిన. మార్కులనుకున్న. పద్నాలుగింటికి సున్నా వచ్చిందనుకున్న. నువ్వు బాధపడ్తవని చదవలే.”

గంగాప్రసాద్ నోరు తెరిచాడు. కాశీరాం చెయ్యెత్తి ఆపాడు. కుట్లు నొప్పి పెడుతున్నా నవ్వు ఆగక పొట్ట పట్టుకున్నాడు.

“సున్నా మార్కులొస్తె ఇంత సంబరపడ్డోన్ని నేనొక్కన్నే ఉంటనేమో!” కళ్ళు తుడుచుకుని, గొంతు మార్చి అన్నాడు. “గని బిడ్డా, మల్ల గట్ల దాయకు. మంచిదైనా చెడ్డదైనా చదువు. చదివినంక అందరం ఏడుద్దమో నవ్వుదమో చూసుకుందం.”

యమున తల ఊపింది.

*

వాకిట్లో ట్రాలీ అలాగే ఉంది. దాని నీడలో చిన్నయ్య తువ్వాల పరుచుకుని పడుకున్నాడు. మంగవ్వ బస్తా దిగలేదు. రత్నవ్వ పంపిన గొడుగు ఒకటి నెత్తి మీద పట్టుకుని కూర్చుంది.

కాశీరాం గేటు దగ్గర ఆగి మొహం గంటు పెట్టుకున్నాడు. “చిన్నా, లెవ్వు. ఇగ బండి తియ్యాలె.”

మంగవ్వ చేతిలోని గొడుగు పక్కకు ఒరిగింది. ఆమె భర్తను చూడలేదు, కొడుకును చూడలేదు. యమునను చూసింది. యమునకు ఎంత బిగపట్టినా పెదవులు ఆగలేదు.

“ముసలోడా!” మంగవ్వ గొడుగు విసిరికొట్టింది. “నవ్వులాటనా? పొద్దటి సంది ఈడ కూసుంటె నా పాణం పోయింది! ఏమన్నదో జెప్పు!”

“రెండన్నది. పద్నాలుగు కొమ్ములిరిసి చూసినరట, ఒక్కటి గూడ పుచ్చు లేదట. చిన్నా, బస్తాలు దించు. వాన పడంగనె నా చెలకల నేనే పెడ్త.”

మంగవ్వ తిడుతూనే ఏడ్చింది. ఏడుస్తూనే లేవబోతే కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోయింది. యమున, గంగాప్రసాద్ చెరో రెక్క పట్టుకుని లేపారు. రేపే కొత్త మట్టితో కుప్ప అలుకుతానంది. పగలగొట్టినవాడే మట్టి తొక్కాలంది. కుట్లున్న మనిషి మట్టెలా తొక్కుతాడని కొడుకంటే, అయితే నువ్వు తొక్కు అంది.

చిన్నయ్య ట్రాలీ పక్కన నిలబడి బస్తాలు దించుతున్నాడు. నాలుగోది భుజానికెత్తేటప్పుడు అతని చొక్కా జేబులోంచి ఏదో జారి కింద పడింది. న్యూస్‌పేపర్ ముక్కలో మడిచి, ఎర్రదారం కట్టిన పొట్లం.

చిన్నయ్య చటుక్కున కాలు దాని మీద వేశాడు.

యమున అప్పటికే చూసింది. ఆ కాగితం మడత ఆమెకు తెలుసు. ఆ ఎర్రదారం తెలుసు. ఏడాదిపాటు మామకు నీళ్ళతో కలిపి ఇచ్చింది ఆమే. దేవిదాస్ ఇచ్చే మొలల పొడి అది.

ఇల్లంతా నవ్వుతోంది. ఈ ఒక్క పూట ఊరుకుంటే ఏం పోతుంది, రేపు చెప్పొచ్చు, ఎల్లుండి చెప్పొచ్చు అనిపించింది. బస్సులో మామ అన్న మాట చెవిలో ఇంకా ఉంది.

“చిన్నమామా,” అంది. “కాలి కింద ఏంది?”

“ఏం లేదమ్మా. పొగాకు.”

“నువ్వు పొగాకు తినవు గదా.”

కాశీరాం నవ్వు ఆగింది. మెల్లగా నడిచి వచ్చి, చేతికర్రతో తమ్ముడి కాలిని పక్కకు నెట్టాడు. పొట్లం వైపు చూశాడు. వంగడానికి వీల్లేక అలాగే నిలబడి అడిగాడు.

“ఎన్ని దినాల సంది రా?”

“ఏదో జర వేడి అన్నా. మొన్న నీ పసుపు ఉడకబెట్టినప్పుడు పొయ్యి కాడ ఉన్న గదా, అప్పటి సంది. ఊకె అప్పుడప్పుడు...”

“నెత్తురు పడుతుందా?”

చిన్నయ్య బస్తా దించి, తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. “పొద్దు పోతుంది. నార్మడి దున్నాలె. నేను పోతనే,” అంటూ ట్రాక్టర్ వైపు తిరిగాడు.

“పొద్దుగాల మొదటి బస్సుకు ఇద్దరం నిజామాబాద్ పోతున్నం,” అన్నాడు కాశీరాం.

“నాకేమైందే? నేను రాను.”

ఆ మాట పొద్దున ఇదే వాకిట్లో విన్నదే. అందరూ మంగవ్వ వైపు చూశారు.

మంగవ్వ తిమ్మిరి కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళి, ట్రాక్టర్ మెట్టు మీద కాలు పెట్టి, కోడలి భుజం ఊతంగా పైకెక్కింది. తాళంచెవి తీసి రొండిన దోపుకుంది. డ్రైవర్ సీట్లో కాళ్ళు తన్నిపెట్టి కూర్చుంది.

“వదినే, దిగు.”

“దిగ.”